రక్తపుచుక్కలో కనబడనివి

(తిరుత్తణిలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు ఈ తాలూకాలో తక్కువ. పిల్లలకూ పెద్దలకూ ఆయన మలేరియా సారు. నేనూ అలాగే అంటాను. భుజాన సంచీ, సంచీలో గాజుపలకలు, సూదులు, స్పిరిట్ దూది, క్లోరోక్విన్ బిళ్ళలు. పదిహేను రోజులకొకసారి ప్రతి గడప ముందూ ఆగి ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడిగేవారు. వచ్చిందంటే వేలు గుచ్చి పూత తీసేవారు. గోడమీద అచ్చుగుద్దిన గళ్ళలో ఆనాటి తేదీ వేసి పక్కింటికి నడిచేవారు. తర్వాతి కాలంలో ఆయన పని ఆరోగ్యకేంద్రంలో మైక్రోస్కోపు దగ్గరికి మారింది. పగలంతా కిటికీ పక్క బల్లమీద స్లైడ్లు చూస్తూ గడిపారు.

ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, ఆ మైక్రోస్కోపులో ఆయనకు కనబడినదాన్ని గురించీ, ఆ రోజుల్లో ఏ మైక్రోస్కోపుకూ అందనిదాన్ని గురించీ చెప్పాలనిపించింది. పసిపిల్లల మెదడుకెక్కే మలేరియా సంగతి అది. ఒకే ఊళ్ళో, ఒకే జాతి క్రిమి సోకిన పిల్లల్లో పదిమంది నాలుగు రోజుల్లో లేచి ఆడుకుంటారు, ఒక బిడ్డ మాత్రం స్పృహ తప్పుతుంది. ఆ ఒక్క బిడ్డ ఒంట్లో, ఆ బిడ్డ రక్తంలోని క్రిమిలో, ఏ జన్యువులు పనిలోకి దిగుతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబులు గత ముప్ఫై ఏళ్ళలో కొంచెం కొంచెంగా వచ్చాయి. కొన్ని మనకు దగ్గరలోని ఒడిశా నుంచే వచ్చాయి. అవి ఈ జిల్లాకు ఎందుకు కావాలో కూడా చెబుతాను.

ముందు మన నేల సంగతి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. 1958లో నియంత్రణ చాలదు, నిర్మూలనే లక్ష్యం అన్నారు. 1960 ఏప్రిల్ 1న, రాష్ట్రాల సరిహద్దు మీద వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అప్పుడు చెంగల్పట్టు జిల్లా, 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. దేశం మొత్తంగా చూస్తే, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదనీ ఎనిమిది లక్షలమంది పోయేవారనీ అంచనా. 1965 నాటికి కేసులు ఏడాదికి లక్షకు దిగాయి. జ్వరం పోయిందనుకున్నారు. నిఘా సడలింది, డీడీటీకి దోమలు అలవాటుపడ్డాయి, 1976లో కేసులు మళ్ళీ 64 లక్షలు దాటాయి. మలేరియా సారు ఉద్యోగంలో ఈ రెండు కాలాలూ ఉన్నాయి. ఇప్పుడు మూడో కాలం. 2015లో దేశంలో 11 లక్షల 69 వేల కేసులుంటే 2023లో 2 లక్షల 27 వేలు. మరణాలు 384 నుంచి 83కు తగ్గాయి. 2030కల్లా పూర్తిగా లేకుండా చేయాలన్నది దేశం పెట్టుకున్న గడువు.

చెన్నైలోనూ దాని చుట్టుపక్కలా మనం ఎక్కువగా చూసింది వైవాక్స్ రకం. మేడమీది నీళ్ళతొట్టిలో, మూతలేని బావిలో పెరిగే స్టీఫెన్సై దోమ దాన్ని మోస్తుంది. చలి, వణుకు, చెమట, మళ్ళీ జ్వరం. మనిషిని పిప్పి చేస్తుంది గాని ప్రాణం తీయడం అరుదు. మెదడుకెక్కేది దాదాపు ఎప్పుడూ ఫాల్సిపారం అనే రకమే. అది మన జిల్లా జబ్బు కాదని ఊరుకోవడానికి వీల్లేదు. తిరువళ్లూరు జిల్లా ఇటుక బట్టీల సంగతి మీకందరికీ తెలుసు. కోతలయ్యాక ఒడిశా పడమటి జిల్లాల నుంచి, బొలంగీర్, నువాపడా వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు పసిపిల్లల్ని చంకనేసుకుని ఇక్కడికి వస్తాయి. బట్టీ పక్కనే గుడిసె వేసుకుని వానలు పడేదాకా ఉంటాయి. మన దేశంలో ఫాల్సిపారం బరువు చాలాకాలం అన్నిటికంటే ఎక్కువ మోసిన రాష్ట్రం ఒడిశా. పెద్దవాళ్ళ ఒంట్లో ఆ క్రిమి జ్వరం కూడా లేకుండా ఉండవచ్చు, పదేపదే సోకి వాళ్ళకు కొంత తట్టుకునే శక్తి వచ్చి ఉంటుంది. పసివాళ్ళకు ఆ శక్తి ఉండదు. మలేరియాను చూడకుండా పెరిగిన మన పిల్లలకు అసలే లేదు.

జబ్బు ఎలా నడుస్తుందంటే, రెండు మూడు రోజులు మామూలు జ్వరమే. బిడ్డ పాలు తాగుతుంది, ఏడుస్తుంది, తల్లి ఒళ్ళో పడుకుంటుంది. మూడో రోజో నాలుగో రోజో ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ ఆగాక బిడ్డ లేవదు. కళ్ళు తెరిచే ఉండవచ్చు గాని చూపు నిలవదు, గిల్లితే చెయ్యి లాక్కోదు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుని వేపమండ తెస్తారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. నిన్న సాయంత్రం దాకా నవ్విన బిడ్డ తెల్లారేసరికి పలకకపోతే ఏ తల్లికైనా తోచేది అదే. వైద్యం అందకపోతే ఈ దశలో బతకడం చాలా అరుదు. మంచి వైద్యం అందినా నూటికి పదిహేను, ఇరవై మంది పోతారు. బతికినవాళ్ళ సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడింది. ఉగాండా పిల్లల్ని రెండేళ్ళపాటు గమనించిన చాందీ జాన్ బృందం, కోమా నుంచి లేచిన ప్రతి నలుగురిలో ఒకరికి జ్ఞాపకంలోనో ధ్యాసలోనో నేర్చుకోవడంలోనో లోటు మిగిలిందని 2008లో చెప్పింది. బళ్ళో వెనకబడ్డ పిల్లవాడి చిన్ననాటి జ్వరం ఏమిటని అడిగేవాళ్ళు ఎంతమంది?

ఇక మలేరియా సారు బల్ల దగ్గరికి వెళదాం. వైవాక్స్ స్లైడులో క్రిమి అన్ని వయసుల్లోనూ కనబడుతుంది, పిల్లా పెద్దా అన్నీ. ఫాల్సిపారం స్లైడులో మామూలుగా రెండే రూపాలు. సన్నని ఉంగరం ఒకటి, చంద్రవంక ఒకటి. చంద్రవంక దోమలోకి వెళ్ళడానికి సిద్ధమైన రూపం. ఉంగరం అప్పుడే ఎర్రకణంలోకి దూరిన పసి క్రిమి. అది పెరగాలి, ఇరవై నాలుగైదు పిల్లలుగా విడిపోవాలి, కణాన్ని పగలగొట్టుకుని బయటికి రావాలి. దానికి 48 గంటలు పడుతుంది. మరి ఆ పెరిగిన రూపాలు స్లైడులో ఎందుకు కనబడవు? ఈ రంగంలో పనిచేసిన ప్రతి స్లైడు రీడరూ ఏదో ఒక రోజున అడిగి ఉండే ప్రశ్న ఇది.

అవి రక్తంలో తిరగడం మానేస్తాయి. సగం వయసు దాటగానే, క్రిమి ఉన్న ఎర్రకణం పైపొర మీద చిన్నచిన్న బుడిపెలు లేస్తాయి. ఆ బుడిపెలతో అది సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుంటుంది. మెదడులో, పేగులో, ఊపిరితిత్తుల్లో, గర్భిణికైతే మాయలో. తిరుగుతూ ఉంటే ప్లీహం దాన్ని పట్టి నాశనం చేస్తుంది, అతుక్కుని ఉంటే ప్లీహానికి దొరకదు. అంటే వేలినుంచి తీసిన చుక్కలో మనం లెక్కపెట్టేది క్రిముల్లో ఒక వయసువాటిని మాత్రమే. స్లైడులో కొద్దిగానే ఉంగరాలున్న బిడ్డ మెదడు నాళాల్లో పెద్ద క్రిములు కిక్కిరిసి ఉండవచ్చు. కనబడని ఆ భాగాన్ని అంచనా కట్టడానికి క్రిమి రక్తంలోకి వదిలే హెచ్ఆర్‌పీ-2 అనే ప్రోటీను పనికొస్తుంది. ఇప్పుడు ఆశా కార్యకర్తలు వాడే శీఘ్ర పరీక్ష పట్టీ ఉందా లేదా అని చూసేది కూడా ఆ ప్రోటీనునే. దాన్ని కొలత వేసి చూస్తే ఒంట్లో మొత్తం క్రిమి ఎంత ఉందో తెలుస్తుంది.

అతుక్కునే పని చేసేది ఏది? ఎర్రకణంలో కేంద్రకం లేదు, అక్కడ మనిషి జన్యువు ఒక్కటీ లేదు. కాబట్టి దాని పైపొర మీద కొత్తగా వచ్చిన ప్రోటీను క్రిమి తన జన్యువుతో తయారుచేసి పంపినదే అయ్యుండాలి. ఆ జన్యువుల కుటుంబాన్ని 1995లో గుర్తించారు, 'వార్' జన్యువులన్నారు. 2002 అక్టోబరులో ఫాల్సిపారం జన్యుపటం మొత్తం అచ్చయింది. 14 క్రోమోజోములు, సుమారు 5,300 జన్యువులు. అందులో వార్ జన్యువులు దాదాపు 60. ఇక్కడే అసలు సంగతి ఉంది. అరవై ఉన్నా, ఒక క్రిమి ఒక సమయంలో ఒక్కదాన్నే పలికిస్తుంది. మిగతావన్నీ మౌనంగా ఉంటాయి. బిడ్డ ఒంట్లో ఆ ఒక్క ప్రోటీనుకు విరుగుడు తయారయ్యేసరికి కొన్ని క్రిములు ఇంకో జన్యువుకు మారి ఉంటాయి.

మగ్గం తెలిసినవాళ్ళు ఈ సభలో చాలామందే ఉన్నారు, పొదటూరుపేట నుంచి వచ్చినవాళ్ళను చూస్తున్నాను. పడుగు పోగులన్నీ మగ్గంమీదే ఉంటాయి. జాకార్డు అట్టకు పడిన చిల్లులనుబట్టి వాటిలో కొన్నే పైకి లేస్తాయి. అంచులో నెమలి పడుతుందా రుద్రాక్ష పడుతుందా అన్నది లేచిన పోగులనుబట్టే. జన్యువులున్నాయా లేవా అన్నది పడుగు ప్రశ్న. జన్యు క్రియాశీలత అంటే ఏ పోగులు లేచాయన్న ప్రశ్న. బిడ్డ కోమాలోకి వెళ్ళడానికీ వెళ్ళకపోవడానికీ మధ్య తేడా చాలావరకు ఈ రెండో ప్రశ్నలో ఉంది.

ఏ వార్ జన్యువు పలికితే మెదడుకు ముప్పు? 2012, 2013 సంవత్సరాల్లో జవాబు వేగంగా వచ్చింది. తీవ్రమైన మలేరియాతో వచ్చిన ఆఫ్రికా పిల్లల క్రిముల్లో వార్ జన్యువుల ఒక ప్రత్యేక గుంపు ఎక్కువగా పలుకుతోందని చూశారు. ఆ గుంపు తయారుచేసే ప్రోటీను రక్తనాళాల లోపలి పొరలో ఈపీసీఆర్ అనే గ్రాహకానికి అతుక్కుంటుందని 2013లో తేలింది. ఈపీసీఆర్ ఊరికే ఉన్న గ్రాహకం కాదు. రక్తం గడ్డకట్టకుండా, వాపు పెరగకుండా, నాళపు గోడ కారకుండా కాపాడే ప్రోటీన్-సీని మేల్కొలిపే చోటు అది. క్రిమి అక్కడ అతుక్కుంటే ఆ రక్షణ ఆగిపోతుంది. మలావీ పిల్లల మీద అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన దీనికి తోడు ఒక మాట చెప్పింది. ఈ రక్షణ ఏర్పాటు మెదడు నాళాల్లో మొదటి నుంచీ పలుచన, పైగా క్రిములు అతుక్కున్న చోట ఉన్నదీ ఊడిపోతోంది. మిగతా అవయవాల్లోనూ క్రిములు అతుక్కుంటాయి కదా, మెదడే ఎందుకు ముందు పడిపోతుంది అన్నదానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే నమ్మదగిన వివరణ రాలేదు.

మలావీలోని బ్లాంటైర్ గురించి కొంచెం నిలబడి చెప్పాలి. అక్కడి క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రిలో టెరీ టేలర్, మాల్కమ్ మాలినో దశాబ్దాలపాటు పిల్లల మంచాల పక్కనే పనిచేశారు. పసిపిల్లల కోమా లోతును కొలవడానికి ప్రపంచమంతా వాడే కొలమానం ఆ ఊరి పేరునే ఉంది. పిల్లల చావుకు అసలు కారణం ఏమిటో 2015 దాకా గట్టిగా తెలియదు. ఆ ఏడు 168 మంది పిల్లల మెదళ్ళను ఎమ్మారైతో చూసి వాళ్ళు ప్రకటించిన ఫలితం ఇది: చనిపోయిన 25 మందిలో 21 మందికి చేరిననాడే మెదడు విపరీతంగా ఉబ్బి ఉంది, బతికినవాళ్ళలో అలా ఉబ్బినది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మందికే. ఉబ్బిన మెదడు కిందికి ఒత్తుకుని ఊపిరి తీసే కేంద్రాన్ని నొక్కుతుంది, బిడ్డ ఊపిరి ఆగిపోతుంది. ఎవరి మెదడు ఉబ్బింది? 2017లో ఆ ప్రశ్నకు జవాబు అదే చోటినుంచి వచ్చింది. ఈపీసీఆర్‌కు అతుక్కునే వార్ జన్యువులు ఎక్కువగా పలుకుతున్న క్రిములున్న పిల్లలది.

ఇది ఆఫ్రికా సంగతి, మన పిల్లలకూ ఇదేనా అని అడగాలి. అడిగినవాళ్ళు రూర్కెలాలో ఉన్నారు. ఇస్పాత్ జనరల్ ఆసుపత్రి ఉక్కు కర్మాగారపు ఆసుపత్రి. సంజీబ్ మొహంతి, సామ్ వాస్మర్, వాళ్ళ తోటివాళ్ళు అక్కడ మెదడు మలేరియాతో వచ్చిన పిల్లలకూ పెద్దలకూ ఎమ్మారై తీసి, రక్తంలో క్రిమి జన్యువుల పలుకును కొలిచారు. 2021లో అచ్చయిన ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన మాట ఇది: మలావీ పిల్లల లెక్కలతో కంప్యూటరుకు నేర్పిన పద్ధతి, ఎప్పుడూ చూడని ఒడిశా పిల్లల్లో ఎవరి మెదడు ఉబ్బిందో చెప్పగలిగింది. వేల మైళ్ళ దూరం, వేరే జాతి దోమలు, వేరే భాష, వేరే తిండి. అయినా బిడ్డ మెదడులో క్రిమి నడిచిన దారి ఒకటే. పెద్దవాళ్ళ విషయంలో ఆ పద్ధతి అంతగా పనిచేయలేదు. వాళ్ళలో ఆ వార్ జన్యువుల పలుకు తక్కువ, ప్లేట్‌లెట్లు పడిపోవడం ఎక్కువ. మన దేశంలో పెద్దలకు ఈ జబ్బు వస్తే కామెర్లు, మూత్రపిండాలు ఆగిపోవడం ముందుంటాయని వార్డులో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. దానికి జన్యువుల స్థాయిలో ఆధారం ఇప్పుడు దొరుకుతోంది. అంతకుముందు 2016లో గోవా వైద్యకళాశాలకు వచ్చిన పెద్దల రక్తంలోనూ తీవ్ర మలేరియాకూ ఈ వార్ జన్యువులకూ సంబంధం చూపించారు.

ఇంతవరకూ క్రిమి జన్యువుల గురించి చెప్పాను. బిడ్డ జన్యువుల సంగతి ఇంకా చిక్కు. జన్యువు పలికినప్పుడు దాని నకలు ఆర్‌ఎన్‌ఏగా తయారవుతుంది. అది త్వరగా చెడిపోతుంది, అందుకే రక్తం తీసిన క్షణాన్నే నిలవ ద్రావణంలో కలపాలి. తర్వాత ఆ ఆర్‌ఎన్‌ఏ తునకలన్నీ చదివి, ఏ జన్యువువి ఎన్ని అని లెక్కిస్తారు. ఒకే గొట్టంలో బిడ్డ తెల్లకణాల ఆర్‌ఎన్‌ఏ, క్రిమి ఆర్‌ఎన్‌ఏ రెండూ ఉంటాయి, రెండింటినీ వేరుచేసి చదవవచ్చు. గాంబియాలో 46 మంది పిల్లల రక్తంతో ఇలా చేసిన పని 2018లో వచ్చింది. ఇద్దరు పిల్లల మధ్య కనబడే తేడాల్లో చాలాభాగం క్రిమి ఎంత ఉందన్నదానివల్లేనని అందులో తేలింది. ఆ లెక్క తీసేసి చూస్తే, తీవ్రంగా ఉన్న పిల్లల్లో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల జన్యువులు కొన్ని ముందుకొచ్చాయి. వాటిలో ఎంఎంపీ-8 ఒకటి. అది కణాలను పట్టి ఉంచే కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైము. మలావీలో ఈ జబ్బుతో పోయిన పిల్లల మెదళ్ళలో తర్వాత వెతికితే, క్రిములు అతుక్కున్న నాళాల దగ్గరే అది కనబడింది. మలావీలోనే ఇంకో బృందం తీవ్ర మలేరియా నుంచి బతికిన పిల్లల్ని, వాళ్ళకే తర్వాత మామూలు మలేరియా వచ్చినప్పుడు మళ్ళీ పరీక్షించింది. రెండోసారి, ఒంటి రక్షణకు చెందిన ఇంటర్‌ఫెరాన్ దారిలోని జన్యువులు బాగా పలికాయి. అదే బిడ్డ, అవే జన్యువులు, మొదటిసారి కోమా, రెండోసారి మామూలు జ్వరం.

ఈ రంగంలో తొందరపడిన ప్రకటనలూ ఉన్నాయి, వాటి గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. ఫాల్సిపారం జన్యువుల్లో ఎక్కువభాగం 48 గంటల్లో ఒక వరుసలో, దేని గంటకు అది పలుకుతాయని 2003లో జో డెరిసీ ప్రయోగశాల చూపించింది. అంటే ఇద్దరు పిల్లల క్రిముల్లో కనబడిన తేడా జబ్బు తేడా కాకపోవచ్చు. ఒక బిడ్డ క్రిమి పది గంటల వయసుది, ఇంకో బిడ్డ క్రిమి పదహారు గంటలది అంతే కావచ్చు. బిడ్డ వైపూ అంతే. రక్తంలో ఏ తెల్లకణాలు ఎన్ని ఉన్నాయన్నది మారితే జన్యువుల లెక్క మారుతుంది, నిజంగా ఏ కణం స్వభావమూ మారకపోయినా. వీటిని సరిచేయకుండా వచ్చిన జాబితాలు పత్రికల్లో చాలా ఉన్నాయి. ఇక అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, రక్తం తీసేది చేతినుంచి, జబ్బు ఉన్నది మెదడులో.

ఆ దూరాన్ని తగ్గించింది బ్లాంటైర్ తల్లిదండ్రులు. బిడ్డ పోయిన గంటల్లో, ఆ దుఃఖంలో, ఎందుకు పోయిందో చూడనివ్వండి అని వైద్యులడిగితే కొందరు ఒప్పుకున్నారు. 2004లో వెలువడిన ఆ శవపరీక్షల ఫలితం వైద్యులందరినీ నిలబెట్టేసింది. మెదడు మలేరియా అని రాసి వైద్యం చేసిన 31 మందిలో 7 మంది మెదళ్ళలో అతుక్కున్న క్రిములు లేవు, వాళ్ళ చావుకు కారణం వేరు. రక్తంలో మలేరియా క్రిమి ఉంది, బిడ్డ కోమాలో ఉంది, కాబట్టి మెదడు మలేరియా అన్న నిర్ణయం ప్రతి నలుగురైదుగురిలో ఒకరి విషయంలో తప్పింది. నిజమైన మెదడు మలేరియాను బతికి ఉండగానే గుర్తించే దారి కంటిలో ఉందనీ అప్పుడే తేలింది. కంటి వెనక రెటీనాలో తెల్లని మచ్చలు, పాలిపోయిన నాళాలు, చిన్న రక్తస్రావాలు కనబడితే మెదడులోనూ అదే జరుగుతోందని అర్థం. అవే శవపరీక్షల కణజాలంలో జేకీ మాంట్‌గొమెరీ బృందం 2007లో ఒక బిడ్డ అవయవాల్లోనే వేర్వేరు వార్ జన్యువులు పలుకుతున్నాయని చూపించింది. మెదడులో పలికేది ఒకటి, వేరే అవయవంలో పలికేది ఇంకొకటి. చేతి రక్తం ఈ మాట ఎన్నటికీ చెప్పలేదు.

చనిపోయినవాళ్ళ ఒళ్ళు బతికినవాళ్ళకు పాఠమవడం మన తెలుగునాట కూడా ఉంది. జె.బి.ఎస్. హాల్డేన్ మలేరియా జన్యుశాస్త్రానికి మొదటి ఆలోచన ఇచ్చినవాడు. థలసీమియా లాంటి రక్తపు లోపాలు కొన్ని ప్రాంతాల్లో ఇంత విరివిగా ఎందుకున్నాయంటే, అవి మలేరియా నుంచి కాపాడుతున్నాయి కాబట్టేనని 1949లో ఊహించారు. 1954లో ఆలిసన్ సికిల్ కణాల విషయంలో దాన్ని రుజువు చేశారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క సికిల్ జన్యువు వచ్చిన బిడ్డకు తీవ్ర మలేరియా ముప్పు పదోవంతుకు తగ్గుతుంది. హాల్డేన్ 1957లో ఇండియాకు వచ్చి ఇక్కడి పౌరుడయ్యారు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు రాసిచ్చారు. ఈ జిల్లా ప్రజలూ శాస్త్రానికి ఒళ్ళు ఇచ్చినవాళ్ళే. 1968లో తిరువళ్లూరు చుట్టుపక్కల గ్రామాల్లో మొదలైన బీసీజీ పరీక్షలో లక్షలమంది చేతులు చాచారు. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపడం లేదన్న చేదునిజం ప్రపంచానికి ఈ ఊళ్ళనుంచే తెలిసింది. ఆ సంగతి ఇక్కడి బళ్ళలో చెప్పరు, చెప్పాలి.

ఇంత తెలిశాక మందు ఏదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జన్యువుల పరిశోధన చేతికిచ్చిన కొత్త మందు ఇంతవరకు వార్డులోకి రాలేదు. వాపు తగ్గిస్తుందని స్టెరాయిడు ఇచ్చి చూశారు, థాయ్‌లాండ్‌లో 1982లో. కోమా ఇంకా పొడుగైంది. టీఎన్‌ఎఫ్ అనే వాపు ప్రోటీను ఎక్కువగా ఉందని దాన్ని అడ్డుకునే యాంటీబాడీని 1990లలో గాంబియా పిల్లలకిచ్చారు. చావులు తగ్గలేదు, బతికినవాళ్ళలో నరాల లోపాలు పెరిగాయి. మెదడు వాపు తగ్గడానికి మానిటాల్ మందును రూర్కెలాలోనే ప్రయత్నించారు, ఉపయోగపడలేదు. ఒక్క జన్యువు పలుకు ఎక్కువైందని దాని నోరు మూసేస్తే చాలనుకోవడం ఎంత ప్రమాదమో ఇవి నేర్పాయి. ఇప్పుడు ఆశ పెట్టుకోదగ్గ దారులు ఉన్నాయి. 2020లో మలావీ పిల్లల మెదడు నాళాల్లో సీడీ-8 టి-కణాలనే తెల్లకణాలు నాళపు గోడను ఆనుకుని కనబడ్డాయి. ఎలుకల్లో ముప్ఫై ఏళ్ళుగా తెలిసినది మనుషుల్లోనూ ఉందని తేలింది. భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో విశ్వనాథన్ అరుణ్ నాగరాజ్ బృందం క్రిమి తనంతట తాను హీమ్ అనే పదార్థాన్ని తయారుచేసుకునే జన్యువులను తీసేస్తే ఎలుకల మెదడుకు జబ్బు ఎక్కడం లేదని 2022లో చూపించింది. ఆ తయారీని ఆపగల మందు గ్రిసియోఫుల్విన్, తామరకు మనం ఎప్పటినుంచో ఇచ్చేదే. ఎలుకలో పనిచేసింది బిడ్డలో పనిచేస్తుందని మాట ఇవ్వలేం. కానీ పాత మందు, చవక మందు, దాని మంచిచెడ్డలు తెలిసిన మందు కాబట్టి మనుషుల్లో జాగ్రత్తగా పరీక్షించి చూడవలసిందేనని నా అభిప్రాయం.

ఈలోగా ప్రాణం నిలిపేది ఆర్టిసునేట్ సూదిమందు. 2005లో రూర్కెలా కూడా పాలుపంచుకున్న ఆసియా పరీక్షలో క్వినైన్ తీసుకున్నవాళ్ళలో నూటికి 22 మంది పోతే ఆర్టిసునేట్ తీసుకున్నవాళ్ళలో 15 మంది పోయారు. 2010లో తొమ్మిది ఆఫ్రికా దేశాల్లో 5,425 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలోనూ అదే గెలిచింది. ఆర్టిసునేట్ ఎందుకు మేలంటే, అది పసి ఉంగరాలను కూడా చంపుతుంది, అవి ఎదిగి బుడిపెలు వేసి మెదడులో అతుక్కోకముందే. క్వినైన్ ప్రధానంగా ఎదిగిన రూపాలమీదే పనిచేస్తుంది. వార్ జన్యువు పలికి, దాని ప్రోటీను కణం పైకి వచ్చేలోగా మందు అందితే ఆ జన్యువు ఏదైనా ఫరవాలేదు. గంటలు ఇక్కడ లెక్కకొస్తాయి.

అందుకే బట్టీల గురించి ముందే ఎత్తాను. 2022 నుంచి తిరువళ్లూరులో ప్రభుత్వ వైద్యకళాశాల ఉంది. తిరుత్తణిలో ఆసుపత్రి ఉంది. ఇక్కడ చదువుకునే కుర్రవైద్యుల్లో చాలామంది ఫాల్సిపారం ఉంగరాన్ని పుస్తకంలో తప్ప చూడకుండానే పట్టా పుచ్చుకుంటారు. మలేరియా తగ్గినందుకు సంతోషమే, కానీ స్లైడు చదవగల కన్ను తగ్గితే 1976 మళ్ళీ రావడానికి అది చాలు. వైద్య విద్యార్థులకు ఈ సభ నుంచి నేను చెప్పుకునేది ఇంతే. ఇటుక బట్టీ నుంచి ఫిట్స్‌తో ఒక బిడ్డ రాత్రి పదకొండుకు వస్తుంది, తల్లికి ఒడియా తప్ప రాదు. మెదడువాపు అని రాసేముందు ఏ ఊరినుంచి ఎప్పుడు వచ్చారో సైగలతోనైనా అడగండి. పట్టీ పరీక్ష వెంటనే చేయండి, స్లైడు కూడా తీయండి. రక్తంలో చక్కెర చూడండి, ఈ పిల్లల్లో అది చెప్పకుండా పడిపోతుంది. కంటి వెనక చూసే పరికరం వార్డులోనే ఉంచుకుని వాడడం నేర్చుకోండి. ఇరవై కిలోలలోపు బిడ్డకు ఆర్టిసునేట్ కిలోకు మూడు మిల్లీగ్రాములు, పెద్దల లెక్క 2.4 కాదు. మొదటి సూది పడ్డాక పన్నెండు గంటలకు రెండోది, ఇరవై నాలుగో గంటకు మూడోది. మొదటి సూది వేయగానే పెద్దాసుపత్రికి పంపే విషయం ఆలోచించండి. మొదటి సూది పడకుండా మాత్రం అంబులెన్సు ఎక్కించకండి.